కుడి చేయి ఆగినచోట

ప్రశ్న: అక్కా, మాది చిత్తూరు, గ్రీమ్స్‌పేట. నాకు 24 ఏళ్లు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. చిన్నప్పుడు నాలుగేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకుని, వర్ణాల దాకా వచ్చి మానేశాను. రెండేళ్ల కిందట 61 కీల కీబోర్డు కొనుక్కుని, వీడియోలు చూసి నేర్చుకుంటున్నాను. ఈ మధ్య సొంతంగా బాణీలు కడుతున్నాను. పాట ఏమీ ఉండదు, ఉత్త పియానో మీద వాయించుకునేవే. కుడి చేతికి ట్యూన్ బాగానే వస్తుంది. ఎడమ చేతి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాను. కార్డ్ (ఒకేసారి నొక్కే మూడు స్వరాలు) పట్టుకుని ధన్ ధన్ ధన్ ధన్ అని నాలుగు దెబ్బలు కొడతాను, లేదంటే స ప గ ప, స ప గ ప అని మొదటి నుంచి చివరి దాకా అదే వాయిస్తాను. మా చెల్లెలు విని "నీ ట్యూన్లన్నీ ఒకే మాదిరి ఉన్నాయి" అంది. ట్యూన్లు వేరే, ఎడమ చేయే ఒకటి అని అప్పుడు తెలిసింది. మోహనంలో కట్టిన నాలుగు బార్లు రాస్తున్నాను, బార్‌కు నాలుగు బీట్లు. సి ని స గా పెట్టుకున్నాను. గ గ ప ద, తర్వాత ప మీద ఒక బార్ మొత్తం, గ ప గ రి, తర్వాత స మీద ఒక బార్. దీనికి ఎడమ చేయి ఎలా రాయాలి? మోహనంలో లేని మ, ని కార్డుల్లో వస్తే తప్పా? ఇంకో సంగతి, మా మామ "ఇంగ్లీషోళ్ల వాయిద్యం మనకెందుకు" అంటుంటాడు. ఆయన ముందు వాయించాలంటేనే టెన్షన్‌గా ఉంటుంది.

సమాధానం:

అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తాను.

నీ చెల్లెలి చెవి మంచిది. ఆమె మాటలోంచి అసలు సంగతి పట్టుకున్న నీ చెవి ఇంకా మంచిది. ఏళ్ల తరబడి వాయించేవాళ్లలో కూడా చాలామంది ఈ సంగతి పట్టుకోలేరు. ట్యూన్ బాగాలేదనుకుని దాన్నే మార్చి మార్చి పాడు చేసుకుంటారు.

నీ నాలుగు బార్లనీ నా పియానో మీద ఒక సాయంత్రమంతా వాయించి చూశాను. నాకు నచ్చింది. రెండో బార్‌లో పంచమం మీద నిలబడటం, నాలుగో బార్‌లో షడ్జం మీద నిలబడటం, దాని అందమంతా ఈ రెండు చోట్లే ఉంది. నీ ఎడమ చేయి పాడు చేస్తున్నది కూడా సరిగ్గా ఈ రెండు చోట్లనే. బాణీ కదిలేటప్పుడూ అవే నాలుగు దెబ్బలు, బాణీ నిలబడ్డప్పుడూ అవే నాలుగు దెబ్బలు. కుడి చేయి ఏం చేస్తోందో ఎడమ చేతికి తెలియనట్టే ఉంటుంది.

నువ్వు కర్ణాటక సంగీతం నేర్చుకున్నదానివి కాబట్టి నీకు ఒక్క మాటలో చెప్పొచ్చు. ఎడమ చేయి పక్కవాయిద్యం. కచేరీలో వయొలిన్ ఏం చేస్తుందో గుర్తు తెచ్చుకో. గాయకుడు సంగతులు (ఒకే వరసను రకరకాలుగా మార్చి పాడటం) వేస్తున్నప్పుడు సన్నగా వెనకాలే నడుస్తుంది. ఆయన ఊపిరి తీసుకోగానే ఆ ఖాళీలోకి వచ్చి, ఆయన వదిలిన చివరి మాటనే పట్టుకుని ఇంకొంచెం పలుకుతుంది. ఆయన మళ్లీ ఎత్తుకోగానే తగ్గిపోతుంది. నీ కుడి చేయి గాయకుడు, ఎడమ చేయి వయొలినూ మృదంగమూ కూడా. ఆ రెండు పనులూ ఐదు వేళ్లతో చేయాలి కాబట్టే అది కష్టం.

నేనుండేది తిరుపతిలో, గోవిందరాజస్వామి గుడికి నడిచిపోయేంత దూరంలో. వైశాఖంలో అక్కడ బ్రహ్మోత్సవాలు జరిగేటప్పుడు మాడ వీధుల్లో వాహనం ముందు నాదస్వరం, డోలు వస్తాయి. ఒక రాత్రి నేను నాదస్వరాన్ని వదిలేసి డోలు మీదే మనసు పెట్టి పక్కనే నడిచాను. కీర్తన నడుస్తున్నంతసేపూ ఆయన నడక మాత్రం పట్టి ఉంచాడు. కుడి చేతి వేళ్ల తొడుగులు తోలు మీద చిన్నగా, ఎడమ చేతిలో పుల్ల అప్పుడప్పుడూ. నాదస్వరం పైషడ్జం మీదికి వెళ్లి నిలబడింది. అప్పుడు చూడాలి ఆ రెండు చేతుల్ని! ఆ ఒక్క స్వరం కింద ఎన్ని నడకలు మార్చాడో లెక్కపెట్టలేకపోయాను. నాదస్వరం షడ్జం దిగి నిషాదానికి కదిలిన మరుక్షణం డోలు మళ్లీ చిన్నదైపోయింది. ఇంటికొచ్చి, నేను రాసుకున్న ముక్కలన్నీ తీసి ఎడమ చేతి వరసలు కొట్టేసి మళ్లీ రాయడం మొదలుపెట్టాను.

మనవాళ్లకు ఎడమ చేయి ఎందుకు వెనకబడుతుందో కూడా చెప్తాను, నీది ఒక్కదానిదే తప్పు అనుకోకుండా. మన ఇళ్లలో మీటలున్న వాయిద్యమంటే హార్మోనియం. దాంట్లో కుడి చేయి వాయిస్తుంది, ఎడమ చేయి తిత్తి ఊదుతుంది. ఎడమ చేతికి స్వరాలతో పనే లేదు. పద్యనాటకాల్లో కాళ్లతో తొక్కే హార్మోనియం వచ్చాకే ఆ చేయి ఖాళీ అయింది. నటుడు పద్యపాదం ముగించి ఊపిరి తీసుకునే లోపల హార్మోనిస్టు ఆ రాగాన్ని నింపే తీరు నువ్వు ఏ తిరునాళ్లలోనో వినే ఉంటావు. తర్వాత ఎలక్ట్రానిక్ కీబోర్డు వచ్చింది, దాంట్లో స్టైల్ బటన్ వచ్చింది. ఎడమ చేత్తో కార్డ్ నొక్కి పెడితే డ్రమ్ములూ బేసూ మిషనే వాయిస్తుంది. పెళ్లిలో పాటకు అది పనికొస్తుంది. సొంత బాణీ కట్టేటప్పుడు మాత్రం దాని జోలికి పోకు. ఉత్త పియానో వాయిస్ పెట్టుకో, టచ్ సెన్సిటివిటీ ఆన్ చేసుకో, అప్పుడే మెత్తగా నొక్కితే మెత్తగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతుంది.

ఇక నీ బాణీ దగ్గరికి వద్దాం.

కార్డులు కాసేపు మర్చిపో. బార్‌కు ఒక్క స్వరం చొప్పున కింద నాలుగు స్వరాలు మాత్రం రాయి. నువ్వు స, స, ప, స అని వాయిస్తున్నట్టున్నావు. దాంట్లో తప్పేమీ లేదు, కానీ రెండో బార్‌లో కూడా స నే ఉంది కాబట్టి ప నిలబడగానే బాణీ ఇంటికి చేరిపోతుంది. ఇంకా సగం దారి ఉంది కదా! రెండో బార్ కింద ద పెట్టి చూడు, షడ్జానికి కింద ఉండే ద. కుడి చేతిలో అదే ప, కానీ ఇప్పుడు అది ఇంకా దేనికోసమో చూస్తున్నట్టు వినిపిస్తుంది. మూడో బార్ కింద ఇంకో మెట్టు దిగి ప. నాలుగో బార్‌లో స. అంటే స, కింది ద, కింది ప, మళ్లీ స.

ఈ నాలుగింటినీ నోటితో పాడుతూ కుడి చేత్తో బాణీ వాయించు. వర్ణాలు పాడిన గొంతు కాబట్టి నీకు ఇది కష్టం కాదు. బాణీ మొదటి బార్ మొదట్లోని గ నుంచి రెండో బార్‌లోని ప కి ఎక్కేసరికి కింది వరస స నుంచి ద కి దిగుతుంది. చివర బాణీ రి నుంచి స కి దిగుతుంటే కింది వరస ప నుంచి స కి ఎక్కుతుంది. రెండు చేతులూ ఎదురెదురుగా నడిస్తే రెండూ విడివిడిగా వినపడతాయి. రెండూ ఒకే వైపు, ఒకే దూరంలో నడిస్తే చెవి వాటిని కలిపేసి ఒకటిగానే వింటుంది. కింది వరస ఒక్కదాన్నే పాడినా ఏదో ఒక పాటలా ఉండాలి. అలా లేకపోతే దాని మీద ఎన్ని కార్డులు పేర్చినా నిలబడదు. నేను ఎక్కువ సమయం పెట్టేది ఈ నాలుగు స్వరాల దగ్గరే. మిగతాదంతా కలిపినా దీనికి పట్టినంత టైమ్ పట్టదు.

ఇప్పుడు మధ్య వరస. కుడి చేయి స ని మధ్య సి మీద పెట్టుకుందాం, ఎడమ చేయి స ని దానికి ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి, స నుంచి తర్వాతి స దాకా) కింది సి మీద. కదిలేది ఎవరు, నిలబడేది ఎవరు అన్నదే ఇక్కడ చూడాలి. మూడు వరసలూ ఇలా రాశాను:

కుడి చేయి: గ గ ప ద | ప – – – | గ ప గ రి | స – – –
మధ్య వరస: ప – – – | ఖాళీ గ ప ద | రి – – – | ఖాళీ ద ప గ
కింది వరస: స – – – | ద – – – | ప – – – | స – – –

మధ్య వరస, కింది వరస రెండూ ఎడమ చేతివే. మధ్య వరసలోని స్వరాలన్నీ ఎడమ చేతి స కి పైన ఉంటాయి, కింది వరసలోని ద, ప మాత్రం ఆ స కి కింద ఉంటాయి. చిటికెనవేలు కింది స్వరాన్ని పట్టుకుని ఉంటే మిగతా వేళ్లు మధ్య వరస వాయిస్తాయి. ఎక్కడా ఒక ఆక్టేవ్ దాటదు కాబట్టి చిన్న చేతికి కూడా అందుతుంది.

మొదటి బార్‌లో బాణీ నాలుగు అడుగులు వేస్తుంటే ఎడమ చేయి స, ప పట్టుకుని ఊరికే ఉంటుంది. రెండో బార్‌లో బాణీ ప మీద నిలబడగానే ఒక బీట్ ఆగి, గ ప ద అని మూడు మెట్లు ఎక్కుతుంది. ఆ ఒక బీట్ ఖాళీ చాలా ముఖ్యం. బాణీ వచ్చి వాలడాన్ని ముందు చెవి వినాలి, తర్వాతే జవాబు. మూడో బార్‌లో బాణీ మళ్లీ కదులుతుంది, ఎడమ చేయి మళ్లీ నిలబడుతుంది. నాలుగో బార్‌లో మళ్లీ ఒక బీట్ ఆగి, రెండో బార్‌లో ఎక్కిన మెట్లే వెనక్కి దిగుతుంది, ద ప గ. నేను వెతికి పెట్టిన స్వరాలు కావు ఇవి. నీ మొదటి బార్‌లోనే గ ప ద ఉంది. పక్కవాయిద్యం కొత్త మాట ఎక్కడి నుంచో తేనక్కర్లేదు, గాయకుడి మాటనే తిరిగి పలికితే చాలు.

వాయించేటప్పుడు ఒక జాగ్రత్త. పియానో స్వరం నొక్కిన క్షణం నుంచే తగ్గిపోతూ ఉంటుంది. గొంతులాగా, నాదస్వరంలాగా నిలబడదు. రెండో బార్‌లో నువ్వు నొక్కిన ప మూడో బీట్ వచ్చేసరికి బాగా పలచబడి ఉంటుంది. ఎడమ చేతి గ ప ద ఆ మిగిలిన ధ్వని కన్నా మెత్తగా ఉండాలి. అందుకే ప ని కాస్త గట్టిగా నొక్కి, చెవితో దాన్ని పట్టుకుని ఉండు. జవాబు స్వరాలు దాని కిందే ఉన్నాయా, పైకొచ్చేశాయా అన్నది చెవికే తెలుస్తుంది.

మ, ని సంగతి. వీడియోల్లో నేర్పే కార్డులు సాధారణంగా నాలుగు: సి, ఎ మైనర్, ఎఫ్, జి. వీటిలో ఎఫ్ కార్డ్‌లో మ ఉంది, జి కార్డ్‌లో ని ఉంది. ఆ రెండూ చేరాయంటే చెవి మోహనాన్ని వదిలి శంకరాభరణం వైపు పోతుంది. తప్పు అనను, అదొక రంగు. కానీ ఆ రంగు కావాలని వేసుకోవడం వేరు, కార్డ్ అలవాటు కొద్దీ వచ్చి పడటం వేరు. నా అభిప్రాయం అడిగావు కాబట్టి చెప్తున్నా, ఈ బాణీకి వద్దు. మోహనంలోని ఐదు స్వరాల్లో పూర్తిగా దొరికే మేజర్, మైనర్ కార్డులు రెండే, స గ ప, ద స గ. తక్కువ అనిపిస్తుంది. అయితే పంచమం దూరంలో ఉండే జతలు నాలుగు దొరుకుతాయి: స ప, రి ద, ప రి, ద గ. పైన నేను రాసినదాంట్లో మొదటి మూడు బార్లూ ఈ జతల మీదే నిలబడ్డాయి. మొదటి బార్‌లో స ప, రెండో బార్‌లో ద గ, మూడో బార్‌లో ప రి. రి ద ఇంకా వాడలేదు, నువ్వు దీనికి ఇంకో నాలుగు బార్లు కట్టేటప్పుడు వాడుకో. మ, ని లేకుండానే నాలుగు రకాల నేల దొరికింది కదా.

ఇంకో చోట నువ్వు తప్పకుండా జారతావు, ఎందుకంటే నేనూ జారాను. చాలా ఏళ్ల కిందట ఒక స్కూలు వార్షికోత్సవంలో నేను సొంతంగా రాసుకున్న ముక్క వాయించాను. నిండుగా ఉంటుందని ఎడమ చేత్తో బాగా కింద, చివరి ఆక్టేవ్‌లో మూడేసి స్వరాల కార్డులు పెట్టాను. హాలంతా బూం అని ఒకటే మోత. బాణీ రెండో వరస దాకా కూడా చేరలేదు. ఎంతో ఇష్టంగా కట్టుకున్న బాణీ, ఏడుపొచ్చింది. ముందు కూర్చున్న ఒక పెద్ద వయొలిన్ విద్వాంసుడు తర్వాత పిలిచి, "పాట మీద కూర్చోకూడదమ్మా, పాట పక్కన కూర్చోవాలి" అన్నాడు. పక్కవాయిద్యంలో ఆ పక్క అనే మాట ఎందుకుందో అప్పుడు అర్థమైంది.

ఎందుకలా అయిందో లెక్క కూడా ఉంది. నీ కీబోర్డులో ఎడమ చివరి సి సెకనుకు సుమారు 65 సార్లు కంపిస్తుంది. దాని పైని ఇ, అంటే గ, 82 సార్లు. తేడా 17. రెండూ కలిపి నొక్కితే ధ్వని సెకనుకు 17 సార్లు పెరిగి తగ్గుతుంది, చెవికి అది రెండు స్వరాలుగా కాకుండా గరగరమని వినిపిస్తుంది. అవే స గ మధ్య సి దగ్గర అయితే 262, 330. తేడా 68, అక్కడ రెండూ విడిగా, తియ్యగా పలుకుతాయి. కాబట్టి మధ్య సి కి ఒక ఆక్టేవ్ కింద ఉన్న సి ని గుమ్మం అనుకో. ఆ గుమ్మం దిగాక స గ జత వద్దు. స ప, లేదంటే స, పైస (పై ఆక్టేవ్‌లోని స). గ కావాలనిపిస్తే దాన్ని పై ఆక్టేవ్‌కి ఎత్తెయ్యి. కింద స, బాగా పైన గ, మధ్యలో ఖాళీ. టెన్త్ అంటారు దీన్ని. వినడానికి ఎంత విశాలంగా ఉంటుందో! ఒకేసారి చేయి అందకపోతే స నొక్కి, పెడల్ (వేలు తీసినా స్వరం మోగేలా కాలితో తొక్కేది) తొక్కి, గ కి జరుగు.

నీ స ప గ ప గురించి. దీనికి ఆల్బర్టీ బేస్ అని పేరు, 18వ శతాబ్దపు వెనిస్ సంగీతకారుడు డొమెనికో ఆల్బర్టీ పేరు మీద వచ్చింది. అప్పటి మీటల వాయిద్యాల్లో ధ్వని త్వరగా ఆరిపోయేది. కార్డ్‌ని ఒకేసారి కొట్టకుండా విడగొట్టి వాయిస్తే మోత తెగకుండా సాగుతుంది. మంచి ఉపాయమే. నువ్వు దాన్ని వదిలేయక్కర్లేదు, మొదటి నుంచి చివరి దాకా వాయించడం మానేస్తే చాలు. దాని పక్కన ఇంకొకటి పెట్టుకో. వీణ మీద పక్కగా ఉండే మూడు తాళపు తీగలు తెలుసు కదా, స, ప, పైస. వైణికులు చిటికెనవేలితో వాటిని మీటుతూ తాళం నిలబెడతారు. ఎడమ చేత్తో అదే వాయించు, స ప పైస, గ లేకుండా. ఆ మూడింటినీ ఒక బార్‌లో మూడు బీట్లుగా వేసి నాలుగోది వదిలేస్తే ఒక అందం, ఎనిమిది అరబీట్లలో 3, 3, 2 గా పంచితే ఇంకో అందం. మోహనానికి అది నప్పినట్టు ఆల్బర్టీ నప్పదు, నా చెవికైతే.

ధన్ ధన్ దెబ్బల్ని కూడా నేను తప్పు పట్టను. 1839లో అచ్చయిన, పోలండ్ సంగీతకారుడు షోపాన్ ప్రెల్యూడ్లలో (చిన్న పియానో ముక్కల్లో) నాలుగోది, ఇ మైనర్‌లోది, ఒక రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక హెడ్‌ఫోన్ పెట్టుకుని విను. కుడి చేయి చాలాసేపు పక్కపక్కనున్న రెండు స్వరాల మధ్యే ఊగుతుంది, దాదాపు ఏమీ చేయదు. ఎడమ చేయి మెత్తగా కార్డ్‌ని కొడుతూనే ఉంటుంది, నువ్వు కొట్టినట్టే. కానీ కొన్ని దెబ్బలకోసారి ఆ మూడు స్వరాల్లో ఏదో ఒకటి ఒక చిన్న మెట్టు కిందికి జారుతుంది. కాసేపటికి ఇంకోటి. చేయి ఎగరదు, దూకదు. ఒక్కొక్క వేలే కిందికి దిగుతూ పోతుంది. కథంతా ఎడమ చేతిలోనే ఉంది, కుడి చేయి దాన్ని చూస్తూ కూర్చున్నట్టుంటుంది.

దాన్ని నీ చేతిలోకి తెచ్చుకోవడం తేలిక. సి కార్డ్ నుంచి ఎ మైనర్‌కి వెళ్లడానికి నువ్వు చేయి మొత్తం ఎత్తి కిందికి తీసుకుపోయి మళ్లీ మూడు వేళ్లు వేస్తున్నావనుకుంటాను. వేయొద్దు. స గ ప పట్టుకుని ఉండు. స, గ అలాగే ఉంచి, ప వేలు ఒక్కదాన్నే ద కి జరుపు. అదే ఎ మైనర్. ఆ ఒక్క వేలి కదలిక చెవికి చిన్న బాణీలా వినిపిస్తుంది. కార్డ్ మారినప్పుడల్లా ఏ వేలు ఉండిపోవచ్చు, ఏ వేలు కదలాలి అని చూసుకుంటే నీ దెబ్బలకే ప్రాణం వస్తుంది.

ముక్క మొత్తానికి ఎడమ చేయి ఒకటే ఉండకూడదు కాబట్టి, నాలుగు బార్ల బాణీ మూడు సార్లు వస్తుందనుకుందాం. మొదటిసారి కింది వరస ఒక్కటే, బార్‌కు ఒక్క స్వరం. వినేవాళ్లు బాణీని పట్టుకోనీ. రెండోసారి పైన రాసిన మూడు వరసలూ. మూడోసారి వీణ నడక, చివరి బార్‌లో మాత్రం ఎడమ చేయి పూర్తిగా ఎత్తెయ్యి. కుడి చేతి స ఒక్కటే మోగి ఆరిపోనీ. ఏదీ వాయించకుండా ఉండటం కూడా ఎడమ చేతి పనే, కొత్తగా రాసేవాళ్లు దీనికి భయపడతారు. కావాలంటే నాలుగోసారి బాణీనే ఎడమ చేతికిచ్చి, కుడి చేత్తో పైన స ప పట్టుకో. జర్మన్ సంగీతకారుడు బాఖ్ తన పిల్లలకూ శిష్యులకూ రాసిన ఇన్వెన్షన్లనే రెండు వరసల ముక్కల్లో ఎడమ చేయి కుడి చేతికి ఎక్కడా తీసిపోదు, రెండూ ఒకే మాటను మార్చి మార్చి పలుకుతాయి. వాటిలో మొదటిది నిదానంగా సాధన చెయ్యి, ఎడమ చేతి వేళ్లకు అంతకు మించిన వ్యాయామం నాకు తెలియదు.

పెడల్ గురించి రెండు మాటలు. కింది స్వరం మారిన ప్రతిచోటా పెడల్ మార్చాలి. కొత్త స్వరం నొక్కుతూనే పెడల్ ఎత్తి, అది మోగాక మళ్లీ తొక్కాలి. స్వరమూ పెడలూ ఒకేసారి తొక్కితే పాత బార్ మోత కొత్త బార్‌లోకి వచ్చి కలుస్తుంది. మోహనంలో అరమెట్టు దూరంలో ఉన్న స్వరాలు లేవు కాబట్టి కొంచెం ఆలస్యమైనా అంత చెడ్డగా ఉండదు. వేరే రాగంలో రాసినప్పుడు ఈ వెసులుబాటు ఉండదు.

మీ మామ మాట. ఆయన్ని ఎదిరించకు, ఒకసారి కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పు. వయొలిన్ పడమటి నుంచి వచ్చిందే. ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ దాన్ని నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చినవారిలో మొదటివాడు. ఇవాళ వయొలిన్ లేని కచేరీని మీ మామ విని ఉండడు. అది మనదయింది పక్కవాయిద్యంగానే. ఇంకా దగ్గరిది కావాలంటే మదనపల్లె ఉంది. 1919లో రవీంద్రనాథ్ టాగోర్ అక్కడి థియోసాఫికల్ కాలేజీకి వచ్చి జనగణమన పాడారు, దాన్ని అక్కడే ఇంగ్లీషులోకి మార్చారు. ఆ బాణీకి స్వరలిపి రాసింది మార్గరెట్ కజిన్స్, ఐర్లండ్‌లో సంగీతంలో డిగ్రీ చేసి వచ్చిన మనిషి. అప్పుడు మదనపల్లె చిత్తూరు జిల్లాలోనే ఉండేది. మీ జిల్లాలో పడమటి సంగీతం చదువుకున్న చెవి మన బాణీని కాగితం మీద పెట్టి వందేళ్లు దాటింది. ఇదంతా చెప్పాక కూడా ఆయన ఒప్పుకోకపోతే మాటలు ఆపి, మూడు వరసలతో నీ మోహనం వాయించు. స ప జత మీద గ గ ప ద వచ్చేసరికి ఆయనకు అది కొత్త వాయిద్యంలా అనిపించదు.

రాసుకునేటప్పుడు స్వరాలతోనే రాసుకో, స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే పడమటి స్వరలిపి) కోసం ఆగకు. కానీ మూడు వరసలు ఒకదాని కింద ఒకటి, బార్ గీతలు సరిగ్గా కలిసేలా గళ్ల నోట్‌బుక్‌లో రాయి. ఒక గడి ఒక బీట్. అకౌంట్స్ చూసేదానివి, నీకు గళ్లు కొత్త కాదు. అలా రాస్తే ఎక్కడ రెండు చేతులూ ఒకేసారి పరిగెడుతున్నాయో, ఎక్కడ రెండూ ఒకేసారి పడుకున్నాయో కంటికే కనిపిస్తుంది. బాఖ్ దాకా వెళ్లేటప్పటికి స్టాఫ్ ఎలాగూ కావాలి, అప్పుడు నేర్చుకుందువు.

ఈ వారం ఈ నాలుగు బార్లే చెయ్యి, కొత్త బాణీ ఎత్తుకోకు. మెట్రోనోమ్ (టక్ టక్ అని లయ చూపేది) 60 లో, అంటే నిమిషానికి 60 బీట్లకు పెట్టుకో. ఫోన్లో రికార్డ్ చేసుకుని వెంటనే వినకు, మర్నాడు ఫ్యాక్టరీకి వెళ్లేటప్పుడు విను. నాకు పంపేటప్పుడు రెండు ఫైళ్లు పంపు. ఒకటి ఎడమ చేయి ఒక్కటే, ఇంకోటి రెండు చేతులూ కలిపి. మొదటిది ముందు మీ చెల్లెలికి వినిపించి, ఇది ఏ బాణీకి వాయించిందో చెప్పగలదేమో అడుగు. ఆమె ఏమందో కూడా రాయి.